సగం రోజు కూలి

పోయిన మంగళవారం పొద్దున పక్కింటి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, పెద్దమ్మ పోయింది. జల్ది రా," అన్నాడు. హైవే మీద నేను కాపలా కాసే కంపెనీ గేటు దగ్గరున్నాను. చేతిలో ఉన్న లాఠీతో ప్లాస్టిక్ కుర్చీని అది విరిగేదాకా కొట్టాను. నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది. ఆ కోపం వల్లనే పెద్దమ్మ నాకు గురువైంది, అందుకే ఈ సంగతి మీకు ముందే చెప్తున్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. చిట్యాలలో మా చేనేత వీధిలో ఉండేది. నూనె మర్దన, కషాయం, పథ్యం, ఇదీ ఆమె వైద్యం. బొక్క విరిగినవాళ్లను మాత్రం ముట్టుకోకుండా నల్లగొండ దవాఖానకు తరిమేది. ఫీజు అందరికీ ఒకటే, నీ సగం రోజు కూలి. మేకలు కాసేవాడికి వాడి సగం, షావుకారికి షావుకారి సగం. పని దొరకనివాడు నాలుగు కట్టెలు కొట్టి పోతే చాలు.

చేతులు మాత్రం మహా మొరటు. పథ్యం తప్పినవాళ్ల వీపు మీద నాలుగు వేళ్లూ అచ్చు పడేలా చరిచేది. మా బాపు గుంత మగ్గంలో కూర్చుని కూర్చుని మోకాళ్లు పాడుచేసుకున్నాడు. నామోషీకి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆమె దగ్గరికి పోయి, తన సంపాదన రెట్టింపు చేసి చెప్పాడు. "ఉన్నోళ్లు తగ్గించి చెప్తరు, లేనోళ్లు పెంచి చెప్తరు. నా పానం తీస్తున్నరు గదయ్యా," అని కసిరి, "పొద్దుగాల తిన్నవా?" అని అడిగింది. బాపు తల వంచుకున్నాడు. రొట్టె పెట్టి, అది తిన్నాకే కాలు ముట్టింది.

తెలంగాణ వచ్చాక రోడ్డు పక్క చేన్లన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. జడ్చర్ల నుంచి ఒక ప్లాట్ల సేటు నడుం నొప్పికి కారులో వచ్చేవాడు. ఒకరోజు, నేను బాపుతో అక్కడే ఉండగా, తన డ్రైవర్ కూడా అదే మర్దన చేయించుకుని చిల్లర పెట్టి లేవడం చూశాడు. "నాకు గంత తీస్కొని వీనికి గింతనా?" అంటూ డ్రైవర్ జుట్టు పట్టుకుని గుంజి తలను దర్వాజకు కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. అడ్డం పోయిన పెద్దమ్మ మణికట్టు పట్టి మెలితిప్పాడు. పటుక్కుమన్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నేను రోకలి అందుకున్నాను. మొదటి దెబ్బకు సేటు భుజం కీలు జారింది. నూనె కుండలు పగిలి, నూనెలో నెత్తురు కలిసి, అందరం జారి పడుతున్నాం. రెండో దెబ్బ వాడి తల మీదికే ఎత్తాను. చంపుదామనే ఎత్తాను. పెద్దమ్మ మంచి చేత్తో రోకలి పట్టుకుంది. "నా ఇంట్ల ఇంకో బొక్క ఇరగనియ్య. వాని చెయ్యి పట్టి గుంజు," అంది.

నేను దెబ్బ కొట్టిన సేటు చేతిని నాతోనే పట్టించింది. తను సేటు చంకలో మడమ ఆనించింది. వాడు పశువులా అరిచాడు, భుజం లోపలికి పోయింది. "నీ సగం రోజు కూలి పెట్టి పో," అంది వాడితో. వాడు పెట్టి పోయాడు. ఆ తర్వాతే డ్రైవర్‌నూ వెంట తీసుకుని దవాఖానకు బయల్దేరింది.

మర్నాడు కులపెద్దలు వచ్చారు. "అందరికీ ఒక్క రేటు పెట్టు, లొల్లి ఉండది," అన్నారు. "ఒక్క రేటు పెడితె రేపటిసంది నా గడప ఎక్కేటోడు ఆ సేటు ఒక్కడే," అంది పెద్దమ్మ. సేటు మనుషులు ఇల్లు తగలబెడతారేమో అని భయపెట్టారు. కాలిపోయినా చెట్టు కింద కూర్చుంటానంది, ఆ మాట మీదనే ఉంది.

నాకూ శిక్ష పడింది. "కొట్టిన చేతులు ఊకె కూసోవద్దు. ఐతారం నీ సగం రోజు నాది," అంది. ఆమె మణికట్టు వంకరగానే అతుక్కుంది. ఆ చెయ్యి చేయలేనివి నాతో చేయించేది, తప్పు పడితే నెత్తి మీద మొట్టేది. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం ఆమె తిట్లు తిన్నాను. ఇంత ప్రేమగా నన్నెవరూ తిట్టలేదు.

దహనం అయ్యాక స్నానం చేసి, తడి లుంగీతోనే ఆమె ఇంటి ముందుకొచ్చాను. మెట్టు మీద ఒక గొల్ల అవ్వ కూర్చుని ఉంది. మోకాలు బూరెలా వాచింది. ఎంత దూరం నుంచి నడిచిందో, పెద్దమ్మ పోయిన కబురు ఆమెకు తెలియదు.

"పెద్దమ్మ లేదా కొడుకా?"

"లేదవ్వా. పోయింది."

అవ్వ కర్ర ఊతంగా లేవబోయింది, లేవలేకపోయింది. నేను కింద కూర్చుని ఆమె కాలు ఒళ్లోకి తీసుకున్నాను. మోకాలి చుట్టూ వేళ్లు వదులుగా ఆనించాను.

"గట్టిగ పట్టు. నొస్తె నేనే చెప్త," అంది అవ్వ. దుమ్ము కొట్టుకున్న ఆ పాదం కింద, నా తడి లుంగీ మీద ఎర్రమట్టి మరక మెల్లగా పాకుతూ పోయింది.