లోరె కుట్టిన ఎడమ భుజం

"ముఖాలదేముందే, గడ్డం పెంచితే మారిపోతాయి. భుజం మారదు" అనేది లోరె పెద్దమ్మ. జర్మనీలోని లిండెన్‌బాఖ్‌లో అరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి. ఎవరికి ఒక కాలు పొట్టి, ఎవరికి పొట్ట పెరిగింది, ఎవరు లోలోపల చిక్కిపోతున్నారు అన్నది డాక్టరు కంటే ముందు ఆవిడకే తెలిసేది. ఆవిడ కొట్టు మీది గదిలో నేను పద్నాలుగేళ్లు అద్దెకున్నాను. ఊరి గ్రంథాలయంలో నా ఉద్యోగం. కింద మిషను చప్పుడు మొదలైతేనే నాకు తెల్లవారినట్టు.

ఆవిడ తండ్రి సాలో వాక్స్‌నర్ కూడా దర్జీయే. యూదుడు. లోరె తల్లి క్రైస్తవురాలు కావడం వల్ల కొంతకాలం ఆయన జోలికి ఎవరూ రాలేదు. యూదులు తప్పనిసరిగా కోటు మీద కుట్టుకోవలసిన పసుపు నక్షత్రం కనబడకుండా సంచి అడ్డం పెట్టుకున్నాడని 1943 వసంతంలో పట్టుకుపోయారు. ఆష్విట్జ్ శిబిరం నుంచి చనిపోయాడన్న కాగితం మాత్రం వచ్చింది. రెండేళ్ల తర్వాత, యుద్ధం ఇంకో మూడు నెలల్లో ముగుస్తుందనగా, మిగిలిన యూదులనూ వాళ్ల పిల్లలనూ శిబిరాలకి పంపించెయ్యమని ఉత్తర్వు వచ్చింది. లోరెకి అప్పుడు పదేళ్లు. పక్కింటి ఈడా నెస్ట్‌లర్ అనే వితంతువు ఆ పిల్లను తన మేకల పాకలో గడ్డి వెనక దాచింది. పదకొండు వారాలు. ఈడా కూతురు వాల్‌ట్రౌట్‌కి తొమ్మిదేళ్లు. ఉడికించిన బంగాళాదుంపలు గౌను ముందు కట్టుకునే గుడ్డలో మూటగట్టి రోజూ పాకలోకి తీసుకెళ్లేది. బళ్లో గాని, చర్చిలో గాని ఒక్కరికీ చెప్పలేదు.

అప్పటినుంచి ఆ ఇద్దరూ ఒక తల్లి పిల్లల్లాగే పెరిగారు. లోరె పెళ్లి చేసుకోలేదు. వాల్‌ట్రౌట్ చేసుకుంది, మొగుడు తొందరగా పోయాడు, ఒక్కడే కొడుకు హైకో. వాడి బడి మొదటిరోజు చొక్కా, వాడి పెళ్లి సూటు, అన్నీ లోరె చేతి కుట్టే. ప్రతి ఆదివారం నాలుగింటికి వాల్‌ట్రౌట్ ఇంట్లో కాఫీ, ఆల్‌బుఖారా పళ్ల కేకు. వాళ్ల తగువులు నాకు పైకి వినబడేవి.

"ఈ గౌను నడుము దగ్గర బిగించావేమే?"

"నేను బిగించలేదు. కేకు బిగించింది."

"నీ నోట్లో సూది గుచ్చ."

ఇలా సాగేది.

2018లో ఊళ్లో గాలి మారింది. గోడల మీద నాజీల స్వస్తిక గుర్తులు కనబడ్డాయి, తుడిచేశారు, మళ్లీ కనబడ్డాయి. శనివారాల్లో నల్ల జాకెట్లవాళ్లు డప్పులతో ఊరేగడం మొదలైంది. మొదటిసారి ముప్పైమంది, తర్వాత రెండువందలు. రొట్టెల కొట్టులో జనం, "వాళ్లు చెప్పేదాంట్లోనూ కొంత నిజముంది" అని గొంతు తగ్గించి అనేవాళ్లు. కొన్నాళ్లకి తగ్గించడం మానేశారు. లోరె ఊరేగింపు వెళ్లినంతసేపూ కొట్టు తెర దించి, లోపల మిషను తొక్కుతూ ఉండేది.

అక్టోబరు చివర్లో వాల్‌ట్రౌట్ ఒక నల్ల జాకెట్టు తెచ్చింది. హైకోది, వేటకెళ్లేటప్పుడు వేసుకునేది, జిప్పు పాడైందంది. తొమ్మిదేళ్లప్పుడు చెర్రీ చెట్టు మీంచి పడి హైకో ఎడమ మెడ ఎముక విరిగింది. ఆ భుజం అర అంగుళం కిందికి ఉంటుంది. లోరె జిప్పు మార్చి, అలవాటుగా ఎడమ భుజంలో మెత్త కూడా పెట్టింది. నల్లదారం అయిపోతే భుజం కుట్టు ముదురు నీలం దారంతో ముగించింది. జాకెట్టు చేతి మీద ఏదో గుర్తు ఊడదీసిన సూది రంధ్రాలు గుండ్రంగా కనబడ్డాయి.

"ఇక్కడేముండేదే?"

"అగ్నిమాపక దళం గుర్తు. పాతబడితే తీసేశాను" అంది వాల్‌ట్రౌట్.

రెండు వారాలకి ఆ శనివారం వచ్చింది. మిట్టమధ్యాహ్నం. పాత యూదుల ప్రార్థనామందిరం ఉండిన ఖాళీ స్థలంలో ఊళ్లోంచి పట్టుకుపోయి చంపేసిన యూదుల ముప్పైఒక్క పేర్లు చెక్కిన రాయి ఒకటుంది. పదిహేడో పేరు సాలో వాక్స్‌నర్. ఊరేగింపు చివరన నడుస్తున్న ఆరుగురు ముఖాలకి గుడ్డలు చుట్టుకుని పక్కకి తిరిగారు. ఒకడి చేతిలో సమ్మెట. నేను గ్రంథాలయం కిటికీలోంచి ఫోనులో తీశాను. కిందికి పరిగెత్తలేదు. ఆ సిగ్గు నాకింకా ఉంది. నాలుగు దెబ్బలకి రాయి మూడు ముక్కలైంది.

సాయంత్రం ఆ వీడియో లోరెకి చూపించాను. చూపించనా వద్దా అని తటపటాయించాను గాని, ఆవిడే చెయ్యి చాపింది.

"ఆపు. వెనక్కి పెట్టు. ఈ సమ్మెట ఎత్తినవాడు."

"ముఖం కనబడదు కదా పెద్దమ్మా."

"ముఖమెవడికి కావాలి! చెయ్యెత్తినప్పుడు ఎడమ భుజం చూడు, మెత్త ఎలా పైకి లేచిందో. అది నా మెత్త. అది నా నీలం దారం." ఫోను నాకిచ్చేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నా చేత్తోనే కుట్టిచ్చానే వాడికి. చెయ్యి బాగా ఆడాలని చంక దగ్గర వదులు కూడా చేశాను."

మర్నాడు ఆదివారం. వీధి జారుడుగా ఉందని నేనూ తోడు వెళ్లాను. వాల్‌ట్రౌట్ తలుపు తీసి, "రావే, కాఫీ చల్లారిపోతోంది" అంది. లోరె కోటు విప్పలేదు.

"ఆ జాకెట్టు మీద ఊడదీసిన గుర్తు ఏమిటే?"

"చెప్పాను కదా, అగ్నిమాపక దళానిది."

"దళానికి గుర్తులు కుట్టేది ముప్పై ఏళ్లుగా నేనే. అది నలుచదరం. నువ్వు ఊడదీసింది గుండ్రటిది."

వాల్‌ట్రౌట్ కేకు కోస్తున్న కత్తి పక్కన పెట్టింది. "ఉంచితే నువ్వు కుట్టవని తీశాను."

"అయితే నీకు తెలుసు."

"తెలిస్తే ఏం చెయ్యమంటావు? నలభై ఆరేళ్లవాణ్ని చెవి మెలిపెట్టి కూచోబెట్టనా? నాలుగు కేకలేస్తారు, బీరు తాగుతారు, ఇంటికొస్తారు. అంతే."

"ఆ రాతి మీద మా నాన్న పేరుంది వాల్‌ట్రౌట్."

"రాయేగా లోరె. మళ్లీ చెక్కిస్తారు."

లోరె కేకు పళ్లేన్ని అవతలికి జరిపింది. "నాన్నకి సమాధి లేదు. ఆ రాయే ఉంది. నేను పోలీసులకి చెప్తాను."

అప్పుడు వాల్‌ట్రౌట్ గొంతు మారిపోయింది. "మా అమ్మ నిన్ను పదకొండు వారాలు దాచింది. బయటపడితే మా మెడలకి ఉరితాళ్లే. నేను చిన్నపిల్లని, నోరు విప్పానా? ఇవాళ ఆ ఇంటి బిడ్డనే పట్టిస్తావా నువ్వు?"

లోరె తలుపు తీసింది. నా చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది.

తొమ్మిది రోజులు కొట్టు తెరవలేదు. మిషను చప్పుడు లేని ఇల్లు నాకు చావింటిలా అనిపించింది. పులుసు తీసుకెళ్తే ముట్టేది కాదు. ఒకసారి అడిగింది. "ఈడమ్మ బతికుంటే ఏమనేదంటావు?"

"నాకేం తెలుసు పెద్దమ్మా."

"నాకు తెలుసు. తెలుసు కాబట్టే నిద్ర పట్టడం లేదు. ఈడమ్మ వాడి చెంప పగలగొట్టి తనే లాక్కెళ్లేది. కానీ ఆవిడ వాడికి అమ్మమ్మ, కొట్టొచ్చు. నేనెవరిని?"

పదోరోజు నల్ల టోపీ పెట్టుకుని పోలీసు ఠాణాకి వెళ్లింది. నా వీడియో కూడా ఇచ్చాం. జాకెట్టు మాత్రం దొరకలేదు. హైకో పారేశానన్నాడు.

మార్చిలో జిల్లా కోర్టులో విచారణ. సగం ఊరు వచ్చింది. లోరె ఉన్నదున్నట్టు చెప్పింది, దారం రంగుతో సహా. హైకో తరఫు లాయరు నవ్వాడు.

"భుజం వంకరగా ఉన్నవాళ్లు ఈ జిల్లాలో వందలమంది ఉంటారమ్మా."

"ఉంటారు బాబూ. వాళ్ల జాకెట్లలో నేను మెత్త పెట్టలేదు."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. న్యాయమూర్తి కూడా వీడియోలోంచి తీసిన ఫోటో పెద్దది చేయించి మళ్లీ చూసింది. కేసు మావైపే ఉందని నాకనిపించింది.

తర్వాత వాల్‌ట్రౌట్‌ను పిలిచారు. న్యాయమూర్తి ఆవిడకి నెమ్మదిగా, రెండుసార్లు చెప్పింది: "మీరు ముద్దాయి తల్లి. సాక్ష్యం చెప్పనక్కరలేదు. ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు."

లోరె పెదవులు కదలడం చూశాను. వెళ్లిపోవే, వెళ్లిపో, అనుకుంటోందని నాకు తర్వాత చెప్పింది.

వాల్‌ట్రౌట్ వెళ్లలేదు. "చెప్తాను" అంది. "ఆ మధ్యాహ్నం హైకో మా ఇంట్లోనే ఉన్నాడు. బంగాళాదుంప ఉండలు, ఎర్ర క్యాబేజీ వండాను. ఇద్దరం కలిసి తిన్నాం."

"మరి ఆ జాకెట్టు?"

"నేను ఏ జాకెట్టూ ఇవ్వలేదమ్మా." ఇక్కడ గొంతు జీరబోయింది. అది నటన అని ఇప్పటికీ అనలేను. "లోరె నాకు సొంత అక్కతో సమానం. చెప్పాలంటే బాధగా ఉంది. రెండేళ్లుగా దానికి మతిమరుపు ముదిరింది. పొయ్యి కట్టెయ్యడం మర్చిపోతుంది. ఒకరి బట్టలు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మేమందరం దాచుకొస్తున్నాం, దాని పరువు పోతుందని."

దాచుకొస్తున్నాం. ఆ మాటే వాడింది.

లోరెకి ఏ మతిమరుపూ లేదు. నేను లేచి ఆ మాట అరిచాను. కూచోమన్నారు. లోరె మాత్రం కదల్లేదు. వాల్‌ట్రౌట్ వంక చూస్తూ ఉంది. వాల్‌ట్రౌట్ ఒక్కసారి కూడా అటు చూడలేదు.

వాడేనా అన్న సందేహం తీరలేదని హైకోను వదిలేశారు. నడవలో వాడు ఎదురొచ్చి, చిన్నప్పటి నవ్వు నవ్వి, "కోపం పెట్టుకోకు లోరె పెద్దమ్మా" అన్నాడు.

"నన్ను పెద్దమ్మా అనకు" అందావిడ. "వాక్స్‌నర్ అను. నువ్వు పగలగొట్టిన పేరు అదే, నోటికి తేలిగ్గా వస్తుంది."

ఊరు తీర్పును తనకి తోచినట్టు అర్థం చేసుకుంది. హైకో సంగతి ఎవరూ ఎత్తలేదు. లోరె మతిమరుపు గురించే మాట్లాడుకున్నారు. ఆడవాళ్లు కొట్టులోనే సంచి విప్పి గుండీలు లెక్కపెట్టుకునేవాళ్లు. "నా గౌను నాకే ఇచ్చావా లోరె?" అని చనువుగా పరాచికాలాడేవాళ్లు. కొన్నాళ్లకి అదీ లేదు, రావడమే మానేశారు. ఒకరోజు లోరె పొయ్యి ముందు నిలబడి మంట కట్టేసి, మళ్లీ వచ్చి చూసి, మూడోసారి కూడా చూడడం గమనించాను. "నా మీద నాకే అనుమానం పుట్టించిందే" అంది.

మే నెలలో కొత్త రాయి నిలబెట్టారు. పురపాలక సంఘం వాళ్లు ముందు వరసలో రెండు కుర్చీలు పక్కపక్కన వేశారు. ఒకటి కాపాడిన తల్లి కూతురికి, ఇంకొకటి కాపాడబడిన పిల్లకి. పత్రికల ఫోటోకి బాగుంటుందని వాళ్ల ఊహ. వాల్‌ట్రౌట్ ముందే వచ్చి కూచుంది. పూలగుత్తి కూడా పట్టుకుంది. లోరె ఆ కుర్చీ దాకా వెళ్లి ఆగింది.

"కూచోవే" అంది వాల్‌ట్రౌట్, మెల్లగా. "అందరూ చూస్తున్నారు."

"చూడనీ." లోరె మేయరు వైపు తిరిగింది. "ఈడా నెస్ట్‌లర్ నన్ను కాపాడింది. ఆ పేరు మీరెక్కడ రాస్తానంటే అక్కడ సంతకం పెడతాను. ఈ పక్కన మాత్రం కూచోను."

ఎనభై నాలుగేళ్ల మనిషి గంటసేపు నిలబడే ఉంది. పేర్లు చదవమంటే ముప్పైఒకటీ కాగితం చూడకుండా చదివింది. చదువుతుండగానే వాల్‌ట్రౌట్ లేచి వెళ్లిపోయింది. పూలగుత్తి కుర్చీలోనే వదిలేసింది.

ఆ తర్వాత వాళ్లు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మరుసటి ఫిబ్రవరిలో వాల్‌ట్రౌట్ నిమోనియాతో ఆసుపత్రిలో పడింది. వెళ్దామా పెద్దమ్మా అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఐదోరోజు వాల్‌ట్రౌట్ పోయింది. అంత్యక్రియలకీ లోరె వెళ్లలేదు, నన్ను పంపింది. తిరిగొచ్చేసరికి కొట్టులో కుర్చీలో కూచుని ఉంది, కోటు వేసుకుని, బయల్దేరబోయి ఆగిపోయిన మనిషిలా.

"ఎవరైనా నా పేరు ఎత్తారా?"

"లేదు పెద్దమ్మా."

అప్పుడు ఏడ్చింది. కోర్టులో గాని, రాయి పగిలిన రోజున గాని కంట తడిపెట్టని మనిషి, ముక్కు చీదుకుంటూ చిన్నపిల్లలా ఏడ్చింది. నేను పక్కన కూచున్నాను.

"పోయిందని కాదే ఏడుపు" అంది కళ్లు తుడుచుకుని. "కొడుక్కోసం అబద్ధమాడింది, సరే, తల్లి కదా అనుకుందును. నన్ను పిచ్చిదాన్ని చేసిందే. అయినా ఏదో ఒక ఆదివారం వచ్చి, 'తప్పు చేశానే లోరె' అని ఒక్కమాట అంటుందని చూశాను. ఏడాదిపాటు ప్రతి ఆదివారం నాలుగింటికి కాఫీ రెండు కప్పుల్లో పోశాను. నీకు తెలియదు, నువ్వొచ్చేలోపు రెండోది పారబోసేదాన్ని."