సాంచాల మీద కాంటా

ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికంటే తెలివైనదాన్ని నేనే. (ఈ మాట ఇంకెవరూ అనలేదు కాబట్టి నేనే అనుకోవాల్సి వచ్చేది.) సూరత్‌లోని భేస్తాన్‌లో మా కాపురం. కింద మరమగ్గాలు, అంటే మావాళ్ల మాటలో సాంచాలు. పైన మేము. బాపు ఆ సాంచాల మీదే పని చేసేవాడు. నాకు చీరల మార్కెట్లో కొత్తగా ఉద్యోగం వచ్చింది, దాంతోపాటు నోరు కూడా వచ్చింది. అప్పుడే అమ్మకు మోకాళ్లు పట్టేశాయి. మన తెలుగు డాక్టరమ్మే, చూసి నెమ్మదిగా చెప్పింది: "ఆరు కిలోలు తగ్గితే నడకతో సర్దుకుంటుందమ్మా. తగ్గకపోతే ఆపరేషనే. మూడు నెలలయ్యాక రండి." అమ్మ దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. "నా కాలుకు కత్తి వెట్టనియ్యకు బిడ్డా, నాకు పానం గజగజ అయితాంది" అంది. నాకూ భయమేసింది. భయం కనబడకూడదని వెంటనే వెళ్లి ఒక కాంటా కొన్నాను. ఎక్కి నిలబడితే ఎర్ర అంకెల్లో బరువు చూపించే రకం.

మర్నాడు పొద్దున్నే స్నానాల గది ముందు పెట్టి అమ్మను ఎక్కించాను. డెబ్భై నాలుగు. దిగి మళ్లీ ఎక్కింది, డెబ్భై ఆరు. నిలబడిన చోటే రెండు కిలోలు పెరిగే మనిషిని లోకంలో మా అమ్మనొక్కదాన్నే చూశాను. నాలోని పోలీసు నిద్ర లేచింది. "రాత్రి లోచో తిన్నవ్ గదా, నిజం చెప్పు!" (లోచో అంటే సూరత్ వాళ్లు పొద్దున్నే లాగించే మెత్తని శనగపిండి నాస్తా. అమ్మకు దానిమీద ప్రాణం.) "నీ మీద ఒట్టే! జొన్నరొట్టె తప్ప నోట్లె ఏం ఏసుకోలే" అంది అమ్మ, ఏడుపు మొహంతో. "ఊపిరి బిగవట్టి ఎక్కు, తగ్గుతది" అని బాపు తన వైద్యం తాను చెప్పాడు. కాంటాను వంటింట్లోకి మార్చాం, దేవుడి పటం కిందికి జరిపాం, చివరికి గడప పక్కన పెట్టాం. ఎక్కడ తక్కువ చూపిస్తే అక్కడే అది నిజం చెబుతోందని తీర్మానించాం. మర్నాటికి అక్కడా అబద్ధాలు మొదలెట్టింది.

ఇంతలో సెలవు రోజు వచ్చింది. మా ఇంట్లో సెలవంటే మటన్. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటూనే రెండు సార్లు కూర వేయించుకుంది. ఎలాగూ పథ్యం చెడింది కదా, చూద్దామని కాంటా ఎక్కింది. డెబ్భై నాలుగు. మళ్లీ ఎక్కితే డెబ్భై నాలుగు. మూడోసారీ అంతే, అంకె కదిలితే ఒట్టు! బాపు మీసం దువ్వాడు. "నేను చెప్తలేనా? గడ్డి తింటే ఒళ్లు అటిటు ఊగుతది. మటన్ల దమ్మున్నది, తింటే నిలవడ్తది." నేను చదువుకున్నదాన్ని కదా, ఫోన్లో ఏదో వెతికి, అది ప్రోటీన్ మహిమ అని శాస్త్రీయంగా ముద్ర వేశాను. ఇక వారం మధ్యలోనూ మటన్ మొదలైంది. అయినా ఆ రోజుల్లో అంకెలు గెంతుతూనే ఉన్నాయి. మటన్ చాలడం లేదని నిర్ణయించి ఇంకాస్త పెంచాం. సెలవు రోజు అంకె ఎలాగూ నిలబడుతుందని ఆ రోజు అమ్మను కాంటా ఎక్కించడమే మానేశాం.

సగం గడువు ఇలా గడిచిపోయాక, జగిత్యాల దగ్గరి ఊరి నుంచి అమ్మమ్మ వచ్చింది. మంచం మీద కూర్చొని చాయ్ అందుకుందో లేదో, సాసర్లో కప్పు గలగలలాడింది. అమ్మమ్మ దిగ్గున లేచింది. "ఓ బిడ్డా, ఇల్లు వణుకుతాందే! లేవుండ్లి, బయటికి ఉరుకుండ్లి!"

మేం ముగ్గురం పగలబడి నవ్వాం. "ఏం లేదే అమ్మమ్మా, కింద సాంచాలు నడుస్తున్నయ్, గంతే" అన్నాను. అనేశాక నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది. బాపు కాంటా వంక చూశాడు. అమ్మ నా వంక చూసింది. ఏళ్ల తరబడి ఆ వణుకు మీదే తిని, పడుకున్న మాకు నేల కదులుతోందన్న సంగతే తెలియదు. ఆ సెలవు రోజు సాంచాలు ఆగాయి, అందుకే కాంటా కుదురుగా ఉంది. మటన్‌కు ఆ పుణ్యంలో ఏ భాగమూ లేదు.

తర్వాతి సెలవు రోజు కింద చప్పుడు లేని ఇంట్లో అమ్మ కాంటా ఎక్కింది. డెబ్భై ఏడు. ఎన్నిసార్లు ఎక్కినా డెబ్భై ఏడే. నా శాస్త్రంతో అమ్మకు మూడు కిలోలు పెంచానన్నమాట! అమ్మ నేలమీద కూలబడి "ఇగ కోస్తరు బిడ్డా" అని ఏడ్చింది. ఆ ఏడుపు ముందు నా తెలివంతా ఆవిరైపోయింది. ఆ రోజు నుంచి మటన్ బంద్. బాపు పొద్దున్నే అమ్మను గల్లీ చివరిదాకా, తర్వాత రోడ్డుదాకా నడిపించాడు. బరువు మాత్రం సాంచాలు ఆగిన రోజే చూసేవాళ్లం, నలుగురం ఊపిరి బిగబట్టి. గడువు రోజుకు ఆరు కిలోలు కానే కాలేదు. డాక్టరమ్మ మాత్రం అమ్మను గదిలో అటూ ఇటూ నడిపించి, "నడక బాగుపడింది. ఇలాగే తగ్గండి, ఇప్పుడు ఆపరేషన్ మాట వద్దు" అంది. అమ్మ బయటికి రాగానే లోచో బండి ఎటుందని అడిగింది.

ఇప్పుడు నాకు సూరత్ పక్కనున్న కడోదరాలో ఫ్లాటు, ఇద్దరు పిల్లలు, వాళ్లతోపాటు వచ్చి వాళ్లలా ఎదిగిన పొట్ట ఉన్నాయి. చుట్టుపక్కల సాంచా చప్పుడే లేదు. మొన్న పొద్దున కాంటా ఎక్కాను. నచ్చలేదు. దిగి ఎక్కాను, అదే అంకె. పడగ్గదిలోకి జరిపాను, గడప దగ్గర పెట్టాను, ఊపిరి కూడా బిగబట్టాను. అదే అంకె. మమ్మల్ని చూడ్డానికొచ్చిన అమ్మ, సోఫాలో హాయిగా కాలు మడిచి కూర్చొని, నా ప్రయాణమంతా చూసింది.

"ఇగ ఎవలని తిడ్తవ్ బిడ్డా? ఈడ సాంచాలు గూడ లేకపాయె" అంది.