బ్రేకును బుజ్జగించిన మనిషి

ఆ రూటులో రోజూ తిరిగేవాళ్లు ఆయన్ని మెత్తకాలు అనేవారు. "మా డ్రైవరన్న బ్రేకు తొక్కడండీ, బుజ్జగిస్తాడు" అని కండక్టరమ్మ కొత్తగా ఎక్కినవాళ్లకి గొప్పగా చెప్పేది.

బస్సు పట్టకముందు ఆయన కిటికీ అద్దాల దుకాణంలో వ్యాను తోలాడు. వెనక నిలువెత్తు అద్దాలు, ముందు గతుకుల రోడ్డు. కాలు దురుసుగా పడితే వెనక ఫెళ్లుమనేది. ఆ భయమే ఆయనకి గురువు. స్టాపు అల్లంత దూరాన కనపడగానే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసేవాడు. తర్వాత బ్రేకు మీద కాలు ఆనీ ఆననట్టు ఆనించేవాడు. చక్రం ఇక ఆగబోతోందనగా వెంట్రుకవాసి వదిలేవాడు. కిటికీలోంచి చూస్తే తప్ప బస్సు ఆగిందని తెలిసేది కాదు.

మిగతా బస్సుల సంగతి వేరు. అక్కడ డ్రైవర్లు స్టాపు మీదకి యుద్ధానికొచ్చినట్టు వచ్చి ఒక్క తొక్కు తొక్కుతారు. జనం బస్తాలో కొబ్బరికాయల్లా ఒకరి మీద ఒకరు దొర్లుతారు. అందుకే ఎక్కగానే కమ్మీ పట్టుకుంటారు. ఈయన బస్సులో మాత్రం ఎవరూ కమ్మీ ముట్టుకునేవారు కాదు. నడిచే బస్సులో జడ వేసుకునేవాళ్లు వేసుకునేవారు, టీ తాగేవాళ్లు తాగేవారు. స్టాపు రాకముందే లేచి, వాళ్లింటి వరండాలో తిరిగినట్టు తలుపు దగ్గరికి నడిచేవారు. అది అద్దంలో చూసి ఆయన మురిసిపోయేవాడు.

కుట్టుపని చేసే అక్క కూడా అలాగే లేచింది ఆ రోజు. రోజూ ఎక్కే మనిషి, ఆయన్ని నోరారా తమ్ముడూ అని పిలిచే మనిషి. ఒక చేత్తో కుట్టిన బట్టల సంచి, రెండో చేత్తో దాని జిప్పు లాగుతూ నడుస్తోంది. అప్పుడే పక్కసందులోంచి ఒక మోటారుసైకిలు రయ్యిమని బస్సు ముక్కు కిందకి దూరింది. డ్రైవరు ఒళ్లంతా కాలిలోకి తెచ్చి తొక్కాడు. మోటారుసైకిలువాడు వెనక్కి తిరిగి కూడా చూడకుండా పోయాడు. బస్సులో నిలబడ్డవాళ్లంతా కూలిపోయారు. అందరూ తిట్టుకుంటూ లేచారు గానీ, అక్క లేవలేదు.

"నీ తప్పేం లేదయ్యా. తొక్కకపోతే వాడు పోయేవాడు" అని డిపో మేనేజరు భుజం తట్టాడు. ఆ మాట విని ఊరుకుంటే సరిపోయేది. ఆయన ఆసుపత్రికి వెళ్లాడు.

అక్కకి తుంటి ఎముక విరిగింది. కూతురు మందులకి వెళ్లినట్టుంది, మంచం దగ్గర ఎవరూ లేరు. ఆయన్ని చూడగానే అక్కే ఓదార్చింది. "నువ్వేం చేస్తావు తమ్ముడూ! వేరే బస్సయితే రెండు చేతుల్తో కమ్మీ పట్టుకుని వేలాడేదాన్ని. నీ బస్సు కదా అని..." అని సగంలో ఆపేసింది.

తర్వాత, "మిషను కాలితో తొక్కేదే కదా. ఇంక ఎలాగో ఏమో" అంది, ఆయనతో కాదు, పైనున్న ఫ్యానుతో అన్నట్టు.

ఆ మర్నాడు ప్రతి స్టాపు ముందూ బస్సు ఒక్క కుదుపు కుదిపింది.

"ఏంటన్నా, కాలికేమైనా అయిందా?" అంది కండక్టరమ్మ.

"కమ్మీ పట్టుకోమని చెప్పమ్మా."

"నీ బస్సులో ఎవరు పట్టుకుంటారన్నా? చెప్తే నవ్వుతారు."

"అయితే నేనే చెప్తాలే" అని మళ్లీ కుదిపాడు.

జనం ఊరుకుంటారా? "ఏం బాబూ, గొడ్లని తోలుతున్నావా?" అన్నాడొక పెద్దాయన. "ఇంట్లో పెళ్లాం తిడితే ఇక్కడ మా నడుములు విరగ్గొడతావా?" అంది ఒకావిడ. పసిబిడ్డ నిద్రలేచి ఏడిస్తే ఆ తల్లి నోటికొచ్చినట్టు శపించింది. ఆయన అద్దంలోకే చూస్తున్నాడు. ఒక్కొక్క చెయ్యే కమ్మీ మీదకి వస్తోంది.

"నిద్రలో కూడా నన్ను తన్నుతున్నారు. మంచానికి కూడా స్టాపులున్నాయా ఏంటండీ?" అని భార్య నవ్వించబోయింది. ఆయనకి నవ్వు రాలేదు. మెత్తకాలనే పేరు ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. కొత్త పేరు పెట్టేంత ముద్దు కూడా ఆయన మీద ఎవరికీ మిగల్లేదు.

చాలా నెలల తర్వాత అక్క మళ్లీ బస్సెక్కింది. చంకల కింద కర్రలు, వెనక కూతురు. డ్రైవరు వైపు చూసి కళ్లతోనే పలకరించింది. ఎవరో లేచి ఆయన వెనక సీటిచ్చారు.

ఈ ఒక్క ప్రయాణం, అనుకున్నాడాయన. ఆసుపత్రి దాకా నాలుగు స్టాపులే. ఎప్పట్లాగే కాలు తీశాడు, ఆనించాడు. చక్రం ఆగబోతోంది, వదలాలి. కాలు వదల్లేదు, తొక్కింది. కర్ర ఒకటి జారి దబ్బున కిందపడింది. రెండో స్టాపులో ఇంకా ముందునుంచే జాగ్రత్త పడ్డాడు. చెమట పట్టింది గానీ కుదుపు తప్పలేదు. మూడోదాంట్లోనూ అంతే. ఆఖరికి ఆసుపత్రి ముందు, వెనక బళ్లన్నీ హారన్లు కొడుతున్నా లెక్కచెయ్యకుండా నత్తలా పాకించుకుంటూ వచ్చాడు. అయినా ఆగేటప్పుడు బస్సు ఊగింది. అక్క పళ్ల బిగువున మూలిగింది.

కూతురు జాగ్రత్తగా కిందకి దింపుతూ అడిగింది. "అమ్మా, నువ్వు రోజూ చెప్పే డ్రైవరు ఈయనేనా?"

అక్క కర్ర సర్దుకుంది. పైకి చూడలేదు.

"కాదే. ఆయన వేరే" అంది.

ఆయన తలుపు మీట నొక్కాడు. కండక్టరమ్మ నెమ్మదిగా "రైట్" అంది. తర్వాతి స్టాపు ఇంకా మలుపు అవతలే ఉంది. అప్పటికే బస్సులో చేతులన్నీ కమ్మీల మీదకి లేచాయి.