రెండు వంకర ఫిరంగులు

ముప్పై ఏళ్లుగా ఒక ఓడను మోస్తున్నాను. మూరెడు పొడవు చెక్క ఓడే. అయినా దించుకోలేకపోయాను. మీతోనైతే చెప్పగలననిపిస్తోంది.

మెదక్‌లో నేను చరిత్ర చెప్పిన బడిలో, అద్దాల బీరువాలో ఉంది అది. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది వాళ్లు దక్షిణాది రేవులకు యుద్ధనౌకలు అడ్డం పెడితే, వాళ్ల కన్నుగప్పి సరుకు చేరవేసిన పొగ ఓడకు నమూనా. అసలు ఓడ చివరికి పట్టుబడింది. పట్టుకున్నవాళ్లే దానికి ఫిరంగులు బిగించి, పేరు మార్చి, తమ యుద్ధానికే తిప్పుకున్నారు. ఈ కథ చెప్పి, ఒకే టేకు దుంగలోంచి పదకొండు నెలలు చెక్కానని, పన్నెండు ఫిరంగులు పెట్టానని పిల్లల ముందు మీసం దువ్వేవాణ్ణి. పన్నెండు కాదు. ఆరు. సరే, రెండే. చెక్కింది కూడా నేను కాదు.

చెక్కింది ఖాదర్, మా వీధి వడ్రంగి. నేను పుస్తకంలో బొమ్మ చూపించి కథ చెబితే, బూడిదరంగు సరుకు ఓడ చేశాడు. వేలితో తోస్తే పక్కలనున్న తెడ్ల చక్రాలు తిరిగేవి. జిల్లా ప్రదర్శనలో తన పేరుతో పెట్టమని నా చేతికిచ్చి, కౌడిపల్లికి తలుపుల పని మీద పోయాడు. నేను నల్లరంగు పూసి, రెండు ఫిరంగులు అతికించి, నా పేరు రాశాను. మొదటి బహుమతి వచ్చింది. ఖాదర్‌కు మాత్రం, బస్సులో పడి విరిగిపోయిందని చెప్పాను. ఎందుకు? ఈ చేతులతో ఏదీ చేయలేకపోయానన్న ఉక్రోషమా? చప్పట్లు మోగే ఆ ఒక్క నిమిషం కోసమా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా రెండోదే నిజమని తేలుతోంది.

నాలుగేళ్లకు బీరువా తలుపు ఊడితే, హెడ్మాస్టరు ఖాదర్‌నే పిలిపించాడు. అతను ఓడ ముందు నిలబడి, వేలితో చక్రం తిప్పాడు.

"ఎవరు చేసిన్రు సార్?"

"నేనే."

"మస్తుగున్నది. తోపులే జర వంకరగున్నయి."

"ఫిరంగులా? అట్లనా?"

"పట్టుకున్న ఓడకు పేరు గూడ మారుస్తరని మీరే చెప్తిరి గద."

తలుపు బిగించి, రెండుసార్లు వేసి తీసి చూసి, వెళ్లిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. తర్వాత మా ఇంటి తలుపులూ అతనే చేశాడు. ఒక్కటీ వంకర పోలేదు.

ఖాదర్ పోయి రెండేళ్లు. క్షమించమని అడగడానికి మనిషి లేడు. నిన్న బడికి వెళ్లి, నా పేరున్న చీటీ తీసేసి అతని పేరు పెట్టాను. ఫిరంగులు పీకబోయి ఆగాను. అవి నావే, ఉండనీ.

మీరెప్పుడైనా మెదక్ వస్తే ఆ ఓడ చూడండి. అంత పనితనం ఈ జిల్లాలో ఇంకొకటి లేదు. ఈ ఒక్క మాట పెంచి చెప్పడం లేదు.