నూట పన్నెండో పేజీ తరవాత

మొన్న మా మనవరాలు ఫోన్లో ఆర్డరు పెట్టుకున్న నవల కొరియరులో వచ్చింది, వచ్చిన మూడోరోజుకే మధ్యలోంచి కాగితాలు ఊడి రావడం మొదలెట్టేయి. ఇప్పటి పుస్తకాలకి కుట్టుండదు కదండీ, వీపుకి జిగురు రాసి అట్ట అతికించేస్తారు, రెండుసార్లు బాగా తెరిస్తే చాలు రాలిపోతాయి. దాన్ని కుట్టిపెడదామని నేను పాత డబ్బాలో దబ్బనం వెతుక్కుంటూంటే ఆ పిల్ల ఫోను నా ముందుకి తెచ్చి, అమ్మమ్మా, ఈ పుస్తకంలో ఏం నచ్చింది, ఏం తక్కువైంది అని అమ్మినవాళ్ళు అడుగుతున్నారు, ఎన్ని చుక్కలు వెయ్యమంటావు అంది. అయిదు నక్షత్రాలుంటాయట, నచ్చినదాన్నిబట్టి నొక్కాలట. అది వినేసరికి నాకు ఎక్కడలేని హుషారూ వచ్చేసింది. చదివేవాళ్ళకి ఏం నచ్చుతుందో, ఏం లోటనిపిస్తుందో నలభై ఏళ్ళ కిందట కొత్తపేటలో నా చేతివేళ్ళకి తెలిసేది. అది చెప్తూ కూచుంటే ఆ పిల్ల అన్నం కూడా మర్చిపోయి వింది, విని రాసిపెట్టమంది.

నేను అయిదో తరగతి దాకా చదువుకున్నాను. ఉత్తరాలు తప్ప ఇంతవరకూ ఏమీ రాయలేదు, ఈ కాగితం మూడుసార్లు చింపేను. అయినా నా ఈడువాళ్ళకి అద్దె లైబ్రరీలు గుర్తుండే ఉంటాయి, మీకైతే ఎక్కువ చెప్పక్కర్లేదులే అన్న ధైర్యంతో రాస్తున్నాను.

మావారిది బైండింగు పని. మా మామగారి దగ్గర్నించి వచ్చింది. అట్టలు కొయ్యడం, గుడ్డ అతికించడం, అంచులు కత్తిరించడం ఆయన చేసేవారు, పుస్తకం కుట్టడం మాత్రం ఇంట్లో ఆడవాళ్ళది. మా అత్తగారికి చూపు తగ్గేక ఆ దబ్బనం నా చేతికొచ్చింది. మాకు వచ్చే పనిలో ముప్పాతిక వంతు బస్టాండు దగ్గర అద్దె లైబ్రరీదే. దాన్ని నడిపే ఆయన్ని నేను బాబాయిగారూ అనేదాన్ని. చేతులు మారి మారి చిరిగిపోయిన పుస్తకాలన్నీ ఆయన సైకిలు వెనకాల మూటకట్టుకొచ్చి మా అరుగు మీద పడేసేవారు.

ఆ పుస్తకాలు విప్పుతుంటే చదివినవాళ్ళందరూ కనపడేవారండి. వంటల పుస్తకంలో ఆవకాయ పేజీ నూనె పీల్చి అద్దంలా ఉండేది, తగినంత ఉప్పు అన్న మాట కింద ఎవరో గీత గీసి, తగినంత అంటే ఎంతో చెప్పి చావచ్చుగా అని రాసేవారు. కుట్టు పుస్తకంలో రవికె చంక కొలత పేజీకి బొక్కలుండేవి, సూదులు గుచ్చి దాని మీదే గుడ్డ కత్తిరించేసుకునేవారు కాబోలు. జబ్బులూ మందులూ పుస్తకంలో పిల్లల జ్వరం పేజీ అంచు పూర్తిగా అరిగిపోయేది, ఆ పేజీ ఎలాంటి గాభరాలో తెరిచి ఉంటారో అనుకునేదాన్ని. నవల్లయితే వీపు ఎక్కడ విరిగిందో అక్కడే అందరికీ నచ్చిందని లెక్క, పుస్తకం బల్ల మీద పెట్టి వదిలేస్తే దానంతటదే అక్కడికి తెరుచుకునేది. ఇంకా అంచుల్లో పెన్సిలు రాతలుండేవి. ఈ హీరోయిను ఎప్పుడూ బట్టలు ఉతుక్కోదా అని ఒకరు. వీళ్ళింట్లో వాన కురవదా అని ఒకరు. మన వైపు ఊరు ఒక్కటీ లేదు, అన్నీ మేడలే అని ఇంకొకరు.

ఒక నవలుండేది. అందులో పిల్లకి పైఊళ్ళో నర్సు ట్రైనింగు కాగితం వస్తుంది, ఇంట్లో వద్దంటారు. ఆ పిల్ల పెట్టె పట్టుకుని స్టేషనుకెళ్ళి బల్ల మీద కూచుని, వెళ్ళనా వద్దా అని నలిగిపోతుంది. నూట పన్నెండో పేజీ ఆఖర్న రైలొచ్చి ఆగుతుంది. నూట పదమూడులో అన్నగారు వచ్చి చెయ్యి పట్టుకుంటాడు, పిల్ల ఏడుస్తూ ఇంటికెళ్ళిపోతుంది, తరవాత పెళ్ళి. ఆ నూట పదమూడో పేజీ అంచున ఒకరు ‘ఎక్కాల్సింది’ అని రాసేరు. దాని కింద వేరే చేతిరాతలో ‘నేనూ అదే అన్నాను’ అని ఉంది. నాక్కూడా ఏదో రాయాలనిపించింది గానీ బాబాయిగారి పుస్తకం కదా అని ఊరుకున్నాను.

ఇలా కుట్టుతూ చదవడం వల్ల పని ఆలస్యమైపోయేది. పైగా ఒకసారి ఒక పుస్తకంలో కొన్ని పేజీలు తలకిందులుగా కుట్టేసేను. బాబాయిగారికి కోపం వచ్చింది. ఇంకోసారి ఇలాంటిది జరిగితే నా పుస్తకాలు అమలాపురం బైండరుకి ఇచ్చుకుంటానబ్బాయ్ అని మావారితో అనేసి వెళ్ళిపోయేరు. మావారు నన్ను గట్టిగా ఏమీ అనలేదు, నంబర్లు చూసి కుట్టు, కథ చూడకు, ఈ పని పోతే మనకి ఇంకేం ఉందీ అన్నారంతే. అత్తగారు మాత్రం దబ్బనం వెనక్కి తీసుకునేలాగే ఉన్నారు. అప్పుడు ఒట్టు పెట్టుకున్నాను, ఇక నంబర్లు తప్ప అక్షరం చూడకూడదని.

పుస్తకం పదహారేసి పేజీల కట్టలుగా ఉంటుందండి, మేం ఫారం అంటాం. ఆ వారం వచ్చిన మూటలో ఆ నర్సు పిల్ల నవలా, కొబ్బరితోట పెంపకం అని ఇంకో పుస్తకమూ ఒకే సైజువి వచ్చేయి. రెండిటికీ ఏడో ఫారమే చిరిగింది. రెండూ విడదీసి, చిరుగులకి పల్చటి కాగితం అతికించి, అరుగు మీద ఆరబెట్టేను. ఆరేక నంబర్లు చూసుకుని, తొంభై ఆరు తరవాత తొంభై ఏడు, నూట పన్నెండు తరవాత నూట పదమూడు, ఎంత శ్రద్ధగానో కుట్టేను. పేజీల పైన పుస్తకం పేరు వేసే అచ్చు కాదు అవి. చదువుతూ కుట్టినన్నాళ్ళూ కథ మారిపోతే నా కళ్ళు పట్టేసేవి, ఒట్టు పెట్టుకున్న వారమే ఈ ఫారం అందులోకీ, ఆ ఫారం ఇందులోకీ వెళ్ళిపోయింది.

నాకు తెలిసింది పది రోజులకి. మా వీధి చివర కుట్టుమిషను అక్కగారుండేవారు, రవికె తెచ్చుకుందామని వెళ్తే నోటినిండా దారం పెట్టుకునే ఆవిడ మొదలెట్టేరు.

“ఏమ్మా, ఆ నర్సు పిల్ల నవల మీరే కుట్టేరా? భలే ఉంది. ఆ అబ్బాయి వ్యవసాయం ఆఫీసరు అనుకుంటా, పిల్ల స్టేషనుకి బయల్దేరేసరికి కొమ్ము పురుగు గురించి మొదలెట్టేడు. ఇనపచువ్వతో లాగెయ్యాలంట, ఇసుకా వేపపిండీ కలిపి మొవ్వు దగ్గర ఆకుల సందుల్లో వెయ్యాలంట. పెరట్లో రెండు చెట్లకీ చేయించేను. నవల్లో మగాడు పనికొచ్చే మాట చెప్పడం నేను ఇదే చూడ్డం.”

ఆవిడ చేతులు పట్టుకుని ఉన్నదంతా చెప్పేసేను. ఆవిడ మిషను ఆపి, కడుపు పట్టుకుని నవ్వి, పుస్తకం ఇచ్చేసేరు. ఇచ్చి, ఆ కొబ్బరి కాగితాలు తీసేస్తావా మరి, అందులో బాగున్నది అదేనమ్మా అన్నారు.

ఇక రెండోది దొరకాలి. లైబ్రరీకి వెళ్ళి, మా పుట్టింటివాళ్ళకి కొబ్బరితోట పుస్తకం కావాలి బాబాయిగారూ అని అడిగేను. ఆయన అద్దెల ఖాతా పుస్తకం తిరగేసి, వాడపల్లి దారిలో తోటలో ఉండే ఒక పెద్దాయన పట్టుకెళ్ళేరు, గడువు దాటిపోయినా తేవట్లేదు, రేపో మాపో నేనే వెళ్ళి తెచ్చుకోవాలి అన్నారు. ఆయన వెళ్తే ఆ పుస్తకం అక్కడే తెరిచి చూస్తారు. శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్ళొస్తానని అత్తగారికి చెప్పి బస్సెక్కేను. దర్శనమూ చేసుకున్నాను లెండి, ఆ రోజు స్వామిని అడిగినంత గట్టిగా ఎప్పుడూ అడగలేదు.

ఆ పెద్దాయన తోటలో దింపు జరుగుతోంది, దింపిన కాయలు గుట్టగా పోసి ఉన్నాయి. ఆయన అరుగు మీద కూచుని ఉన్నారు, పుస్తకం న్యూసుపేపరు అట్ట వేసి పక్కనే ఉంది. నేను బైండింగువాళ్ళ కోడల్నండి, దాంట్లో కుట్టు తేడా వచ్చింది, ఒక్కసారి ఇప్పిస్తే సరిచేసి ఇస్తాను అన్నాను. ఆయన పుస్తకం చేతిలోకి తీసుకున్నారు గానీ ఇవ్వలేదు.

“ఇస్తానమ్మా. ముందు ఇది చెప్పండి. ఆ అమ్మాయి రైలెక్కిందా?”

నేను నోరు తెరిచేలోపే ఆయనే చెప్పుకుపోయేరు. చదివేవాళ్ళకి విసుగు రాకుండా మధ్యలో కథ పెట్టేరేమో అనుకున్నారట, నూట పదమూడు నించీ ఆఖరు దాకా వెతికేరట, ఎండు కొబ్బరి గురించీ పీచు గురించీ ఉంది గానీ ఆ పిల్ల ఊసే లేదట. అందుకనే పుస్తకం తిరిగివ్వలేదట. “మందు ఎంత వెయ్యాలో అన్ని పుస్తకాలూ చెప్తాయమ్మా. వేసినా చెట్టు తేరుకోకపోతే ఏం చెయ్యాలో ఒక్కడూ రాయడు. ఈ పదహారు పేజీల్లోనే ఏం చెయ్యాలో తెలీని మనిషిని చూసేను. చెప్పండి, ఎక్కిందా?”

ఆయన అడుగుతున్నారు నన్నే, చూపు మాత్రం గుమ్మం వైపు పోయింది. అక్కడ వాళ్ళమ్మాయి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. నిజం చెప్పచ్చు. చెప్పినా పుస్తకం ఇచ్చేవారేమో. కానీ ఆ అంచున రాసిన రెండు చేతిరాతలూ నా కళ్ళ ముందుకొచ్చేయి, నేను రాయకుండా ఊరుకున్నదీ గుర్తొచ్చింది.

“ఆయ్, ఎక్కిందండి,” అన్నాను.

ఆయన పుస్తకం నా చేతిలో పెట్టేరు.

బస్సు దాకా దింపుతానని ఆ అమ్మాయి నా వెనకాలే వచ్చింది. తోట దాటేక మెల్లిగా చెప్పింది, రాజమండ్రిలో టీచరు ట్రైనింగుకి సీటొచ్చిందట, నాన్నగారు కాగితం మీద సంతకం పెట్టకుండా కేలండరు వెనకాల దోపేసేరట. “ఆ పిల్ల నిజంగా ఎక్కిందాండి?” అంది. ఆ అమ్మాయికి మాత్రం అబద్ధం చెప్పలేకపోయేను. పుస్తకంలో ఎక్కలేదమ్మా, చదివినవాళ్ళు మాత్రం ఎక్కాల్సింది అని అంచున రాసేరు అన్నాను. బస్సు కదిలేక చూస్తే ఆ అమ్మాయి ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఆ మధ్యాహ్నమే రెండు పుస్తకాలూ విప్పి, ఈసారి వరస వరసా చదువుతూ కుట్టేను. సోమవారానికల్లా నవల అక్కగారి చేత పంపించి, రెండోది దర్శనానికెళ్తే పెద్దాయన ఇచ్చి పంపేరని చెప్పి లైబ్రరీలో ఇచ్చేసేను, బాబాయిగారికి ఏమీ తెలీలేదు. కానీ నా భయం పోలేదండి. ఆ పెద్దాయన కథ పట్టుకున్న మనిషి, అసలు నవల ఏదో కనుక్కుని చదివితే పేజీలు మారిన సంగతీ, నా అబద్ధమూ రెండూ బయటపడతాయి, ఆయన బాబాయిగారితో ఒక్క మాటంటే చాలు మా పని పోతుంది. బాబాయిగారి సైకిలు బెల్లు వినపడినప్పుడల్లా తలుపు చాటుకి వెళ్ళిపోయేదాన్ని. అలా ఏడాది గడిచింది.

ఒకరోజు మూట విప్పితే పైనే ఆ నవలుంది, మళ్ళీ వీపు విరిగి. విరిగింది ఎక్కడో చూడక్కర్లేదు, బల్ల మీద పెట్టగానే నూట పదమూడు తెరుచుకుంది. ఎక్కాల్సింది. నేనూ అదే అన్నాను. వాటి కింద మూడో చేతిరాత, పెన్సిలు గట్టిగా నొక్కి, పలక మీద దిద్దినట్టు పెద్ద పెద్ద అక్షరాలు.

‘మా అమ్మాయి ఎక్కింది.’

ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూచున్నానో నాకే తెలీదు. మా అత్తగారు ఏవిటే ఆ నవ్వు అని అడిగేరు, చూపు సరిగా ఆనకపోయినా ఆవిడకి ఎలా తెలిసిందో. ఆ పేజీ అంచు కత్తిరింపులో పోకుండా మావారిని బతిమాలి, ఆ పుస్తకానికి అంచులు కత్తిరించకుండానే అట్ట వేయించేను.

ఇప్పుడు మావారూ లేరు, బాబాయిగారూ లేరు. లైబ్రరీ ఉన్నచోట సెల్లు షాపుంది, మా మనవరాలి ఫోనుకి అద్దం వేయించింది అక్కడే. నక్షత్రాలు నొక్కమని ఆ పిల్ల మళ్ళీ అడిగింది గానీ, అవి నొక్కితే నా ముందు చదివినవాళ్ళు ఏవన్నారో, నా తరవాతవాళ్ళు నా మాట కింద ఏం రాసేరో ఈ చేతులకి తగుల్తుందా అనిపించింది. అందుకని పుస్తకమే కుడుతున్నాను. నంబర్లు చూడట్లేదు, చదువుతూ కుడుతున్నాను, రెండు రోజులైనా సగం కాలేదు, ఆ పిల్ల నాకెప్పుడిస్తావు అని గొణుగుతోంది. అంచు మాత్రం తెల్లగా ఖాళీగా ఉంది. ఈసారి నేనే ముందు రాసేలా ఉన్నాను, కింద రాసేవాళ్ళు ఎవరన్నా ఉన్నారో లేదో మరి.