మధ్యలో ఆగిన చేతులు

మోత్కూర్ బస్టాండు ఎదురు వరుసలో, ఎరువుల దుకాణానికీ మిర్చిబజ్జీల బండికీ మధ్య నా సెల్‌ఫోన్ రిపేర్ దుకాణం. తెలంగాణ వచ్చిన కొత్తల్లో తెరిచాను. మా పుట్టిల్లు పోచంపల్లి. మగ్గం చప్పుడు మధ్య పెరిగినదాన్ని. పెళ్లయి ఇక్కడికి వచ్చాక నల్లగొండలో కొన్ని నెలలు ఈ పని నేర్చుకున్నాను. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఫోన్లు ఎవరిస్తారని అత్తగారింట్లో అందరికీ అనుమానమే. కానీ ఇచ్చారు, అందులోనూ ముందు ఆడవాళ్లే ఇచ్చారు. ఫోన్లో ఇంటి ఫొటోలుంటాయి, అక్కాచెల్లెళ్లతో మాట్లాడుకున్న మాటలుంటాయి. దాన్ని పరాయి మగవాడి చేతిలో వదిలి ఇంటికి పోవాలంటే మనసొప్పదు కదా.

"ఫోన్ సచ్చిపోయింది" అని తెచ్చేవాటిలో చాలా వరకు బతికే ఉంటాయి. పత్తిచేనులో ఎండకు తెర కనపడక అటూ ఇటూ నొక్కితే వెలుగు పూర్తిగా తగ్గిపోయి ఉంటుంది. పిల్లలెవరో విమానం గుర్తు నొక్కితే సిగ్నల్ పోయి ఉంటుంది. చార్జింగ్ పెట్టినప్పుడు తెర దానంతటదే కదులుతోంది, దయ్యం పట్టిందని ఒకామె ఫోన్‌ను కొంగులో చుట్టి తెచ్చింది. చౌక చార్జరు చేసిన పని అది. వేరే చార్జరు పెట్టి చూపిస్తే అప్పుడు నవ్వింది. అందుకే ఎవరి ఫోన్ వచ్చినా ముందు మెత్తటి గుడ్డతో తుడుస్తాను, కవరు ఊడదీస్తాను, ఒకసారి ఆపి మళ్లీ వేస్తాను. విప్పడం ఆ తర్వాతే.

ఆ రోజు వచ్చిన ఫోన్ మాత్రం నిజంగానే దెబ్బ తిన్నది.

ఎండ తగ్గుతున్న వేళ ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె పెద్దావిడ, రెండో ఆమె నిండు కడుపుతో ఉన్న కోడలు. కోడలు లోపలికి రాగానే ఫోన్ నా ముందు పెట్టి, నా ముఖం వైపే చూస్తూ నిలబడింది. ఏమైందమ్మా అని అడిగాను. జవాబు అత్త చెప్పింది. కోడలికి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. కొడుకుకూ అంతే. ఇద్దరూ చిన్నప్పుడు బధిరుల బడిలో కలిసి చదువుకున్నవాళ్లు. ఇష్టపడ్డారు, పెద్దవాళ్లు ఒప్పుకుని పెళ్లి చేశారు. అతను హైదరాబాద్‌లో వడ్రంగి పని చేస్తాడు. ఆమె మోత్కూర్ పక్క ఊళ్లో, అత్త దగ్గర ఉండి బట్టలు కుడుతుంది. రోజూ వీడియో కాల్ చేసుకుని చేతులతో మాట్లాడుకుంటారు.

తెర మీద పైనుంచి కిందికి ఆకుపచ్చ గీతలు. బొమ్మ కనిపిస్తోంది కానీ ఎక్కడ తాకినా పలకడం లేదు.

"నా చేతులకెల్లే జారింది బిడ్డా" అంది అత్త. ఆమె ముఖం చూస్తే, ఆ బాధ ఫోన్ పోయినందుకు మాత్రమే కాదని తెలుస్తూనే ఉంది.

జరిగింది ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది. అంతకుముందు స్కానింగ్‌లో ఉమ్మనీరు తక్కువగా ఉందని డాక్టరమ్మ భయపెట్టిందట. మందులిచ్చి మళ్లీ రమ్మంది. ఆ పొద్దున వెళితే, అంతా కుదురుకుంది, బిడ్డకేం భయం లేదు అని చెప్పింది. దవాఖాన మెట్ల మీదికి వచ్చారో లేదో కొడుకు కాల్ వచ్చింది. మాట్లాడాలంటే కోడలికి రెండు చేతులూ కావాలి కాబట్టి అత్త ఫోన్ పట్టుకుంది. కోడలు చెబుతుండగానే బొమ్మ ఆగిపోవడం, మళ్లీ కదలడం. అంతలో ఎవరో హడావుడిగా మెట్లెక్కుతూ భుజం తగిలించారు. ఫోన్ పోయి రాయి మీద పడింది. ఒక దుకాణంలో చూపిస్తే రేపు రమ్మన్నారు. అప్పటినుంచీ ఫోన్ కొట్టుకుంటూనే ఉంది. ఎత్తడానికి లేదు. కొంతసేపటికి అదీ ఆగిపోయింది.

నా ఫోన్ నుంచి అతనికి మెసేజ్ పెడదామంటే నంబరు ఆ పగిలిన ఫోన్లోనే ఉంది. కోడలికి అది గుర్తు లేదు. అత్తకు బటన్ ఫోన్ ఉంది కానీ, వినపడని కొడుకు నంబరు అందులో ఎందుకుంటుంది?

తాకితే పలకని ఫోన్‌కు ఒక ఉపాయం ఉంది. కంప్యూటర్ మౌస్‌ను చిన్న పిన్నుతో ఫోన్‌కు తగిలిస్తే తెర మీద బాణం గుర్తు వస్తుంది. వేలు చేసే పని అది చేస్తుంది. తెర కనపడుతున్నంత కాలం చాలు. నేను మౌస్ తగిలించి ఆమె వైపు జరిపాను. ఆమెకు వెంటనే అర్థమైంది. బాణాన్ని మెల్లగా జరుపుతూ తాళం తెరిచింది. తాళం తెరిచే గీత రెండుసార్లు తప్పింది.

తెరుచుకోగానే ఎత్తని కాల్స్ వరుస. వాటి కింద మెసేజ్‌లు. ఆకుపచ్చ గీతల మధ్య నుంచి నేనూ చదివాను.

"డాక్టర్ ఏం చెప్పింది. బిడ్డ లేదు? నువ్వు చెప్పు."

"ఫోన్ ఎందుకు తీయవు. నువ్వు బాగ?"

"ఏడువకు. నేను వస్తున్న. బస్సు ఎక్కిన."

ఆమె కుర్చీ అంచు పట్టుకుని కూలబడింది. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఏ మాటా కాని శబ్దం. అత్తకు చదువు రాదు. ఏం రాశాడని నా చేయి పట్టుకుని అడిగింది. చెప్పాను. ఆమెకు ముందు అర్థం కాలేదు. నాకూ కాలేదు. బిడ్డ బాగుందని చెబితే లేదని ఎట్లా అనుకున్నాడు?

అర్థమయ్యేట్టు చేసింది కోడలే. కన్నీళ్లు తుడుచుకుని, నాకూ అత్తకూ ఎదురుగా నిలబడి, మెట్ల మీద తాను చెప్పింది మళ్లీ చెప్పి చూపించింది. చెవులకు గొట్టం పెట్టినట్టు చూపింది, డాక్టరమ్మ. చేతుల్లో ఊపినట్టు, బిడ్డ. గుండె దగ్గర పిడికిలి వణికించి, భయం. ఆ తర్వాత చెయ్యి అడ్డంగా ఊపి, లేదు. తర్వాత మళ్లీ మొదటినుంచి చూపింది. ఈసారి పిడికిలి గుండె దాకా రాకముందే తన మణికట్టును తానే పట్టుకుని ఆపి, కళ్లు మూసి తెరిచి, లేదు అంది. డాక్టరమ్మ, బిడ్డ, లేదు. వీడియో ఆగిన ఆ రెప్పపాటులో భయం అనే ఒక్క మాట ఎగిరిపోయింది. ఆ వెంటనే ఫోన్ కింద పడి ఆమె ముఖమే మాయమైంది.

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నా కొడుకు గది మోసుకోని బస్సుల కూసున్నడా" అంది.

మౌస్‌తోనే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆమె మెసేజ్ రాసింది. పోలేదు. సిగ్నల్ కడ్డీలు నిండుగా ఉన్నాయి, నెట్ మాత్రం కదలడం లేదు. దెబ్బ తిన్న ఫోన్‌ను ఆపి మళ్లీ వేస్తే తెర రాకపోవచ్చని, విమానం గుర్తు నొక్కి కాసేపు ఉంచి తీశాను. నెట్ వచ్చింది. మెసేజ్ వెళ్లింది, ఒక్క టిక్కే. నంబరు చూసి నా ఫోన్ నుంచి కూడా పెట్టాను, అక్కడా ఒక్కటే. అతని ఫోన్ ఆగిపోయి ఉంటుంది. పొద్దటినుంచీ అన్ని కాల్స్ చేస్తే చార్జింగ్ ఎక్కడ మిగులుతుంది?

ఇక చేసేదేమీ లేదు. ఆ బస్సు వచ్చేది మా ఎదురుగానే కాబట్టి ఇక్కడే కూర్చోమన్నాను. ఆమెకు మంచినీళ్లు ఇచ్చాను. బజ్జీల బండి ఆమె ఏమైందని అడిగి తెలుసుకుని, మేం అడగకుండానే టీ పంపింది. చేతులు ఊరికే ఉంటే నాకు తోచదు. అలాంటి మోడల్ తెర ఒకటి నా దగ్గర ఉంది. వేడి పెట్టి పాతది లేపడం మొదలుపెట్టాను. కోడలు నా పని చూడలేదు. రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. మధ్యమధ్య చేతులు ఒళ్లో మెల్లగా కదిలేవి, అతనికి చెప్పబోయేది ముందే చెప్పుకుంటున్నట్టు.

కొత్త తెర వెలిగింది. దీపాలు పెట్టే వేళకు బస్సు వచ్చింది. అయితే అది బస్టాండు లోపలికి రాకుండా అవతలి మూల మీదే ఆగింది. దిగినవాళ్ల మధ్యలోంచి ఒకతను వడివడిగా నడిచి, వాళ్ల ఊరికి పోయే ఆటోలో ఎక్కేశాడు. చేతిలో సంచి కూడా లేదు. అంగీ నిండా రంపపు పొట్టు.

అత్త లేచి "కొడకా" అని గట్టిగా పిలిచింది. పిలిచి, తానే ఆగిపోయింది. కన్ననాటినుంచీ వినపడదని తెలిసిన తల్లి, ఆ క్షణంలో మరిచిపోయింది. కోడలు అప్పటికే రోడ్డు మీద ఉంది. నిండు కడుపుతో ఉరకలేదు, చేతులు పైకెత్తి ఊపుతోంది. అతను ఆటోలో అటు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఆటో కదిలింది.

నేను ఉరికాను. అతన్ని పిలిస్తే లాభం లేదు. ఆటో నడిపేవాడు నాకు తెలిసినవాడే. "తమ్మీ, ఆపు, బండి ఆపు" అని బజారంతా వినేట్టు అరిచాను. ఆపాడు. ఎందుకాగిందో తెలియక అతను తల బయటికి పెట్టాడు. నా ముఖం అతనెరగడు. ఏం చెప్పాలో, ఎట్లా చెప్పాలో నాకు రాదు. వెనక్కి చూడమని వేలు చూపించాను, అంతే.

చూశాడు. దిగాడు. ఆమె దగ్గరికి వచ్చి, ముందు ఆమె ముఖమంతా వెతికాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి మొత్తం చెప్పింది, ఏ మాటా తొందరపడకుండా. గుండె దగ్గర పిడికిలి వచ్చినప్పుడు అక్కడే ఆపి, అతను చూశాడని తెలిశాకే లేదు అంది. అతను మళ్లీ చెప్పమన్నట్టు వేలు తిప్పాడు. మళ్లీ చెప్పింది. మూడోసారీ చెప్పించుకున్నాడు. అప్పుడు రోడ్డు పక్కన గట్టు మీద కూర్చుని, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆమె అతని అంగీ మీది పొట్టు దులుపుతూ నిలబడింది. ఆటోలో ఉన్నవాళ్లు ఒక్కరూ తొందర పెట్టలేదు. ఆటో అతను హారన్ కూడా కొట్టలేదు.

ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. వేగంగా, ఒకరి చేతుల మీద ఒకరి చేతులు పడుతున్నట్టుగా. అత్త నా పక్కన నిలబడి చూసింది.

"ఏమంటున్నరు పెద్దమ్మా?" అన్నాను.

"సగం నాకు తెల్వది బిడ్డా. తిన్నవా, పోయినవా, గంతే మా ఇద్దరికి. నా కొడుకు గిన్ని మాటలు మాట్లాడుతడని గీ పిల్ల వచ్చినంకనే తెలిసింది."

ఆ వారంలో ఒకరోజు వాళ్ల ఇంటికి వెళ్లాను. రేకుల ఇల్లు. లోపల సిగ్నల్ నిలవదు. గడప దాటి వేపచెట్టు కిందికి వస్తే నిలుస్తుంది. ఆమె కాల్ మాట్లాడేది కుట్టుమిషను పక్కన, వెనక కిటికీ వెలుగుకు ఆమె చేతులు అతనికి నల్లగా కనిపించేవట. ఆ స్థలం వేపచెట్టు కిందికి మార్పించాను. అతను మరుసటి నెల వచ్చినప్పుడు ఫోన్ నిలబెట్టడానికి కర్రతో చిన్న పీట చేసి తెచ్చాడు. అప్పటినుంచి ఎవరూ పట్టుకోనక్కరలేదు. వీడియోలో నెట్ తక్కువ వాడే ఏర్పాటు ఒకటి ఉంటుంది, అది నొక్కి పెట్టాను. బొమ్మ కొంచెం మసక, కానీ ఆగడం తగ్గింది. వాళ్లు తమలో తాము ఒక పద్ధతి పెట్టుకున్నారు. పెద్ద మాట ఏదైనా చెబితే, అవతలివాళ్లు అదే మాట తిరిగి చెప్పి చూపించాలి. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. చెవులున్న మా ఇళ్లల్లో అది లేదు.

ఆడపిల్ల పుట్టింది. అతని స్నేహితులు, అదే బడిలో చదివినవాళ్లు, ఫోన్లు పట్టుకుని నా దుకాణానికి రావడం మొదలైంది. తెర, నెట్, చార్జింగ్, రేపు, అయిపోయింది, ఇట్లాంటి మాటలకు నాకూ చేతులు తిరిగాయి. తప్పు చేస్తే నవ్వి సరిదిద్దేవారు.

పాపకు ఏడాది దాటాక ఆమె ఒకసారి వచ్చింది. ఫోన్ ముందు పెట్టి, చెవి చూపించి, లేదు అంది. నాకు అర్థం కాలేదు. ఆమె పాప చెవి పట్టుకుని చూపించింది. పాపకు బాగా వినపడుతుంది. అవ్వ పాట పాడితే తిరిగి చూస్తుందట. ఫోన్లో పాటలు పెడితే మాత్రం చూడదు. అప్పుడు తెలిసింది సంగతి. ఫోన్ స్పీకర్ ఎప్పటినుంచో పోయి ఉంది. ఆ ఇంట్లో ఆ ఫోన్ శబ్దంతో ఎవరికీ పని పడలేదు, అది పోయిన సంగతీ ఎవరికీ తెలియలేదు.

విప్పి చూస్తే స్పీకర్ మీది జాలీ నిండా బట్టల నూగు. కుంచెతో తీసి, శుభ్రం చేసి, ఒక పిల్లల పాట పెట్టాను. పాప ఒక్కసారి బిగుసుకుపోయి, తర్వాత నా బల్ల మీద రెండు చేతులూ కొడుతూ ఊగింది. ఆమె ఫోన్ వెనక అరచేయి ఆనించి చూసుకుంది, కదులుతోందా అని. తర్వాత నా వైపు తిరిగి, ఇంకా పెంచమని వేలు పైకెత్తింది.