అచ్చిరాదన్నది నేనే

ఒక్క మాట. టీ తాగుతూ అన్నాను. గ్లాసు అక్కడ పెట్టేసి వచ్చాను గానీ ఆ మాటని మాత్రం ఇన్నేళ్ళుగా మోస్తూనే ఉన్నాను. పొద్దున గడ్డం గీసుకుంటుంటే గుర్తొస్తుంది. అన్నం కలుపుకుంటుంటే గుర్తొస్తుంది. మా ఆవిడ అడుగుతుంది, మళ్ళీ ఎక్కడికెళ్ళిపోయారని. ఎక్కడికీ వెళ్ళను. ఆ ఫిలింనగర్ టీకొట్టు దగ్గరే నిలబడి ఉంటాను.

మీరెవరో నాకు తెలీదు. తెలిస్తే చెప్పలేకపోయేవాణ్ణి. మా ఆవిడకి చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. కూర బాగుందనో, గ్యాస్ బుక్ చెయ్యమనో చెప్పి మూసుకున్నాను. పేరు మాత్రం అడక్కండి. ఇక్కడ నా పేరుకి మంచి మర్యాద ఉంది, అది కూడా నన్ను తొలిచే విషయాల్లో ఒకటి.

జూబ్లీహిల్స్‌లో పాత కార్లు కొని అమ్మే షోరూమ్‌లో నేను బండికి రేటు కట్టేవాణ్ణి. ఎవరైనా పాత బండి తెస్తే ముందు నా దగ్గరికే పంపేవారు. డోర్ల రబ్బరు పీకి చూడటం, పెయింటు మీద వేలితో కొట్టి పుట్టీ ఉందేమో వినడం, స్టెప్నీ కింద తడి తడిమి చూడటం, ఇదీ నా పని. గొప్పలు కాదు గానీ నా చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. మా ఓనరు మాత్రం ఒకటి నేర్పాడు. బండి బాగుందని నీకు తెలిస్తే చాలు, తెచ్చినవాళ్ళకి తెలియనివ్వకు అని. అది వ్యాపారం. దానికి నేను సిగ్గుపడటంలేదు. నేను చేసింది వేరు.

వకుళ గారని ఒకావిడ. అమ్మ వేషాలు, పెద్దమ్మ వేషాలు వేసేవారు. పేరు చెబితే గుర్తుపట్టరు గానీ మొహం చూస్తే, అరె, ఈవిడా, అంటారు. హీరోకి జ్వరమొస్తే తడిగుడ్డ వేసే అమ్మ, పెళ్ళిలో ఏడ్చే పెద్దమ్మ. వాళ్ళాయన ప్రొడక్షన్ మేనేజరుగా చేసి పోయారు. పిల్లల్లేరు. మధురానగర్‌లో ఒక్కరే ఉండేవారు. ఆవిడకున్నదల్లా ఆ పని, ఆ పనికి తీసుకెళ్ళే ఒక తెల్ల బండి. పాత సినిమాల్లో జమీందార్లు, విలన్లు దిగుతారు చూడండి, ఆ రకం పొడుగాటి బండి.

మోకాళ్ళు అరిగిపోయి క్లచ్ తొక్కలేకపోతున్నానని, ఇది ఇచ్చేసి గేర్లు మార్చే పని లేని చిన్న బండి ఏదైనా తీసుకుంటానని వచ్చారు. పొద్దున్నే ఊరవతల సెట్టుకి వెళ్ళాలట, క్యాబులవాళ్ళు ఆ దూరం రామంటున్నారట. నేను బండి చుట్టూ తిరిగాను. ఎక్కడా తుప్పు లేదు, ఒక్క డెంటు లేదు. వెనక సీటు దగ్గర కిటికీ పైన చిన్న ఇత్తడి కొక్కెం బిగించి ఉంది. ఏంటండీ ఇది అని అడిగితే నవ్వారు. షూటింగు చీరలు నలిగిపోతున్నాయని మా ఆయన బిగించారు బాబూ, కవర్లు తగిలించుకోడానికి, అన్నారు.

షోరూముల్లో పాత బండికి రేటు దాని బాగోగుల్ని బట్టి ఉండదు, ఏ సంవత్సరం బండో దాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన అది తుక్కు కింద జమ. నేను అదే చెప్పాను. ఆవిడ, బయట చూసుకుంటాను బాబూ, ఏమనుకోకు అని వెళ్ళిపోయారు. సరైన పనే చేశారు. ఎందుకంటే అలాంటి బండికి షోరూమ్‌లో విలువ లేదు గానీ ఫిలింనగర్‌లో ఉంది. పాతకాలం కథ తీసేవాళ్ళు అలాంటి బళ్ళ కోసం వెతుక్కుంటూ వస్తారు, అద్దెకి తీసుకుంటారు. ఆ సంగతి నాకు తెలుసు. అలాంటిదొకటి కొనుక్కుని షూటింగులకి తిప్పుకోవాలని నాకు ఎప్పట్నుంచో ఆశ. ఆ బండి గేటు దాటుతుంటే నా కళ్ళు దాని వెనకే వెళ్ళాయి.

ఆశపడటం తప్పా? కాదు. వెళ్ళి ఆవిణ్ణి అడిగి, ఆవిడ చెప్పిన రేటుకి కొనుక్కుని ఉంటే తప్పు కాదు. అప్పు చేసైనా కొనొచ్చు. ఎందుకు చెయ్యలేదు? ఈ ప్రశ్న నన్ను నేను వేసుకోని రోజు లేదు. తక్కువలో వస్తుంటే ఎక్కువ పెట్టడం నా ఉద్యోగం నాకు నేర్పలేదు, అంతే.

టీకొట్టు దగ్గర యాదన్న కలిశాడు. బళ్ళు ఇప్పించే బ్రోకరు, మంచివాడే. ఆవిడ బండికి ఒక ప్రొడక్షన్ ఆఫీసువాళ్ళని మాట్లాడి పెట్టాడు, మర్నాడు టోకెన్ ఇచ్చేస్తారు. నన్ను చూడగానే అడిగాడు.

"అన్నా, ఆ అమ్మ బండి నువ్వు చూసినవంట గదా. ఎట్లుంది?"

"బండికేం. బానే ఉంది."

"మరి గట్ల నసుగుతున్నవేంది?"

"ఏం లేదులే. వాళ్ళాయన పోయింది ఆ బండి కొన్నాకే కదా. అచ్చిరాదంటారు."

అదీ. అంతే. "అంటారు" అన్నాను చూడండి. ఎవరంటారు? నేనే. ఆయన ఆ బండి కొన్న ఎన్నో ఏళ్ళకి ఇంట్లో, మంచం మీద, కామెర్లతో పోయారు. కొన్నాకే అన్నది అబద్ధం కూడా కాదు. ఎంత తెలివో నాది! యాదన్న గ్లాసు కింద పెట్టేసి, జర ముందే చెప్పినవ్, మంచిగైందన్నా, అన్నాడు. నాకు థాంక్స్ చెప్పాడండీ.

ఇంకో ఊళ్ళో అయితే ఆ మాటకి పట్టింపు ఉండేది కాదేమో. మెకానిక్‌ని పిలిచి చూపించుకునేవారు. ఇక్కడ సినిమా అంటే సెంటిమెంటు. కొబ్బరికాయ సరిగ్గా పగలకపోతే ఆ రోజు షూటింగులో అందరి మొహాలూ మాడిపోతాయి. హిట్టయిన సినిమాకి వేసుకున్న చొక్కా ఉతక్కుండా దాచుకున్నవాళ్ళు నాకు తెలుసు. అచ్చిరాదు అన్న మాట ఒకసారి పడితే నిజమా కాదా అని ఎవరూ అడగరు, మనకెందుకులే అనుకుంటారు. నేను క్రైస్తవుణ్ణి. మా ఇంట్లో దిష్టి లేదు, రాహుకాలం లేదు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తుంటే లోపల నవ్వుకునేవాణ్ణి. నమ్మినవాడు ఆ మాట అంటే పాపం, భయపడి అన్నాడనుకోవచ్చు. నేను నమ్మకుండా అన్నాను.

ప్రొడక్షన్ ఆఫీసువాళ్ళు వద్దన్నారు. తర్వాత వచ్చినవాళ్ళూ వద్దన్నారు. వకుళ గారు తిరిగి తిరిగి మళ్ళీ మా షోరూముకే వచ్చారు, ఈసారి అంతకంటే తక్కువకి. మా బావమరిది పేరు మీద నేనే కొన్నాను. ఆవిడకా సంగతి తెలీదు. చిన్న బండి ఆ డబ్బుకి రాలేదు. పోతూ పోతూ వెనక డోరు తీసి ఆ కొక్కెం పట్టుకుని చూశారు. ఇది తీసుకెళ్ళొచ్చా బాబూ అని అడుగుతారేమోననుకున్నాను. అడగలేదు. నేను ఇవ్వలేదు. స్క్రూ విప్పడం ఎంతసేపు పని?

ఇంతటితో ఆగి ఉంటే ఒక బండి విషయంలో ఒకావిణ్ణి మోసం చేశానని ఏడ్చి ఊరుకునేవాణ్ణి. ఆగలేదు. కొన్నాళ్ళకి అదే టీకొట్టు దగ్గర, అదే యాదన్న, గొంతు తగ్గించి చెప్పాడు. బండి కాదంటన్నా, ఆమెనే గట్లంట. పెనిమిటి పోయిండు, ఆమె చేసిన పిక్చర్ ఆగిపోయింది. గోరంత మాట అనడం నాకు చేతనైంది గానీ, అది కొండంత అవుతుంటే ఆపడం చేతకాలేదు. చేతకాలేదా, ఇష్టం లేదా? అప్పుడు నేను నోరు విప్పి, ఒరే, అదంతా నేను కల్పించింది అంటే అయిపోయేది. కానీ అప్పటికే ఎవరూ గుర్తుపట్టకుండా బండికి మెరూన్ రంగు వేయించి షూటింగులకి తిప్పుతున్నాను. నిజం చెబితే నా గుట్టు బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా టీ తాగి వచ్చేశాను.

ఒప్పుకున్న సినిమాలో ఆవిణ్ణి ముహూర్తం రోజు రావద్దన్నారట, షెడ్యూలు మారిందని. తర్వాత షెడ్యూలు మారలేదు, మనిషి మారింది. ఆ తడిగుడ్డ వెయ్యడానికి ఇంకో అమ్మ వచ్చింది. సీరియళ్ళ వాళ్ళు కూడా ఫోన్లు ఎత్తడం మానేశారు. మధురానగర్ ఇల్లు ఖాళీ చేసి వెంగళరావు నగర్‌లో చెల్లెలింటికి చేరారు. ఒకరి పొట్ట కొట్టడం అంటారు, చూడండి, నేను ఆ మాట చాలాసార్లు విన్నాను. చేసేటప్పుడు చప్పుడే రాదని తెలీదు.

అప్పుడొకసారి ఆవిడ షోరూముకి వచ్చారు. నన్నే చూడ్డానికి. నువ్వు బళ్ళు తెలిసినవాడివి, ఇంతమంది బళ్ళు చూస్తుంటావు, నాకు నిజం చెప్పు నాయనా, ఆ బండిలో ఏదన్నా దోషం కనిపించిందా అని అడిగారు. బండిలో లేకపోతే మరి నాలోనే ఉందా, ఆయన్ని నేనే పోగొట్టుకున్నానా అని అడిగారు. ఏడుస్తూ కాదు. డాక్టర్ని అడిగినట్టు అడిగారు. నేనేమన్నానో రాయడానికి చెయ్యి రావటంలేదు. నాకేం తెలుసు మేడం, నలుగురూ అంటున్నారు, నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా అన్నాను. నిప్పు పెట్టినవాణ్ణి నేను, ఆ సామెత నా నోటినుంచే వచ్చింది. ఆవిడ తలూపారు. నిజమే బాబూ అన్నారు. ఇది మొదటిదానికంటే పెద్ద పాపమని నాకు ఆ క్షణంలోనే తెలుసు.

ఇక బండి సంగతి. నా బండి తిరిగిన మొదటి సినిమా ఆడింది. రెండోదీ ఆడింది. మెల్లగా అది అచ్చొచ్చిన బండి అయిపోయింది. సీను లేకపోయినా ముహూర్తానికి తెప్పించి, దండ వేసి, ముందు నిలబెట్టేవారు. అదే ఇంజను, అవే సీట్లు, అదే కొక్కెం. మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలు చెప్పమంటారు, అంటే దేవుడు మనకి చేసిన మేలు నిలబడి అందరికీ చెప్పాలి. నేను నిలబడి, దేవుడు నా కుటుంబానికి ఒక బండి ఇచ్చాడు, దాన్ని దీవించాడు అని చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఈమధ్య ఫిలింనగర్ గుడి దగ్గర ఒక సినిమా ఓపెనింగు. నేనే బండి తీసుకెళ్ళాను. పూజ లోపల జరుగుతోంది, నేను బయట బండి తుడుస్తున్నాను. మెట్ల పక్క స్తంభం వెనక ఒకావిడ నిలబడి ఉన్నారు, దర్శనానికి వచ్చి సినిమావాళ్ళని చూసి పక్కకి తప్పుకున్నట్టు. వకుళ గారు. బాగా చిక్కిపోయారు. లోపలికి వెళ్ళేవాళ్ళకి తను ఎదురు పడకూడదని అలా ఒదిగి నిలబడ్డారని నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అందరూ లోపలికి వెళ్ళాక మెల్లగా బండి దగ్గరికి వచ్చారు. రంగు మారినా ఆ పొడుగుని బట్టి అనుమానం వచ్చిందేమో, కిటికీలోంచి తొంగిచూశారు. కొక్కెం కనపడింది. డోరు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు.

తర్వాత నన్నూ, నా చేతిలో తాళాలనీ చూశారు. నువ్వే కొన్నావా అని అడిగారు. అవునన్నాను. ఇప్పుడు తిడతారు, తిడితే బాగుండు అనుకున్నాను. ఆవిడ మొహం విచ్చుకుంది. పోనీలే, మంచి చేతుల్లో పడింది అన్నారు. అంతలో లోపల మంగళవాయిద్యాలు మోగాయి. ఉలిక్కిపడి చెయ్యి తీసేసుకుని, చెయ్యి పెట్టినచోట పైట కొంగుతో తుడిచారు.

"నేను ముట్టుకున్నానని ఎవరితో అనకు నాయనా. మంచి పేరు తెచ్చుకుంది, పాడైపోతుంది."

అని గబగబా, ఆ మోకాళ్ళతోనే, రోడ్డు మీదకి నడిచి వెళ్ళిపోయారు. వెనక నుంచి పిలవాల్సింది. మేడం, ఆగండి, మీలో ఏ దోషమూ లేదు, బండిలో లేదు, అది నేనే అన్నాను అని అరవాల్సింది. బండి లాక్కుంటారనా భయం? జైల్లో పెడతారనా? ఏమీ కాదు. ఆవిడ నన్ను మంచి చేతులు అన్నారు, ఆ మాట వెనక్కి తీసుకుంటారని భయం. లోపలినుంచి మేనేజరు కేకేశాడు, బండి ముందుకి పెట్టమని. పెట్టాను.

ఆ తర్వాత వెంగళరావు నగర్ వైపు వెళ్ళాను. ఇల్లు కనుక్కున్నాను కూడా. గేటు దగ్గర ఆవిడ చెప్పులు చూసి, ఇంట్లోనే ఉన్నారని తెలిసి, తిరిగొచ్చేశాను. మళ్ళీ వెళ్తానని మీకు మాటివ్వను. నా మాట ఎలాంటిదో మీకు తెలిసిపోయింది కదా.

ఇన్నాళ్ళూ "అంటారు" అన్నాను. నలుగురూ అంటున్నారు అన్నాను. ఇప్పుడు సరిగ్గా చెప్తున్నాను. ఆ బండి అచ్చిరాదని అన్నది నేనే. వకుళ గారిలో ఏ దోషమూ లేదు. కామెర్లకి, ఆవిడకి సంబంధం లేదు.

రాసేశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. వినాల్సిన మనిషి ఇంకా వినలేదు. స్తంభం కనపడగానే వెనక్కి ఒదుగుతూ ఎక్కడో తిరుగుతూనే ఉంటారావిడ. అయినా నాకు ఊపిరి ఆడుతోంది, సిగ్గులేకుండా.